అడగకుండా విప్పిన జేబు

మా వీధిలో ఎవరికైనా విదేశం వెళ్లే యోగం పడితే వాళ్లు మొదట వెళ్లేది వీసా ఆఫీసుకు కాదు, మా మరిది కొట్టుకు. పెట్టెలూ సంచులూ బాగుచేసే కొట్టు అది. అందరూ అతన్ని జిప్పాయన అంటారు. పెట్టె బాగుచేసి ఊరుకుంటాడా అంటే ఊరుకోడు. బూట్లలో సాక్సులు కుక్కండి, మందులు చేతిసంచిలో ఉంచుకోండి, మొగుడూ పెళ్లాల బట్టలు రెండు పెట్టెల్లోనూ సగం సగం సర్దండి, ఒకటి తప్పిపోయినా ఒంటి మీదికి గుడ్డ ఉంటుంది అని పాఠం చెప్పి మరీ పంపుతాడు. తను మాత్రం విమానాన్ని కింద నిలబడి చూడటమే తప్ప ఎక్కిన పాపాన పోలేదు.

ఇదంతా నాకెలా తెలుసంటే, అతని కొట్టుకూ నా కొట్టుకూ మధ్య ఉన్నది ఒక చెక్క గోడ. మా మామగారి గొడుగుల కొట్టును అన్నదమ్ములిద్దరూ చెరిసగం చేసుకున్నారు. మా ఆయన బస్సు స్టీరింగు వదిలి రాడు కాబట్టి మా సగం నా నెత్తిన పడింది. నేను గొడుగులు అమ్ముకుంటూ పక్క కొట్టు మాటలు వింటూ ఉంటాను. వినకూడదనుకున్నా వినపడతాయి, నన్నేం చెయ్యమంటారు?

మా మరిదికి ఒక పట్టుదల ఉంది. బాగుచేయడానికిచ్చిన పెట్టెను ఎవరైనా తీసుకెళ్లడం మానేస్తే మిగతా కొట్లవాళ్లు కొన్నాళ్లు చూసి అమ్మేస్తారు. ఇతను ఛస్తే అమ్మడు. అతని అటక నిండా తిరిగిరాని మనుషుల పెట్టెలే.

"నా చేతికిచ్చింది ఇచ్చినట్టే వెనక్కి వెళ్తుంది వదినా. నాకున్న ఆస్తి ఆ మాటొక్కటే" అనేవాడు.

"ఆస్తి కాదు నాయనా, అది దుమ్ము. ఒకసారి అటకెక్కి చూడు" అనేదాన్ని నేను.

పైకి వెక్కిరించినా ఆ మాటకు నాకూ గర్వంగానే ఉండేది. వీధిలో ఎవరింటి తాళంచెవి అయినా నమ్మి అతని చేతిలో పెట్టేవారు.

ఇంకో జబ్బు కూడా ఉంది అతనికి. వంకర కుట్టు కంటపడితే ఆగలేడు. నా పాత ప్రయాణం సంచి చిరిగితే నేనే ఒక అతుకు వేసుకున్నాను. నా కుట్టు ఏపాటిదో నాకు తెలుసు, తాగినవాడి నడక దానికన్నా నయం. ఆ సంచి చూసినప్పుడల్లా "ఒక్కసారి ఇటివ్వు వదినా, విప్పి మళ్లీ కుట్టి ఇస్తాను, కళ్లు మంటపుడుతున్నాయి" అని నా ప్రాణం తీసేవాడు. నేనిచ్చేదాన్ని కాదు. నా అతుకు నా ఇష్టం.

ఇక నా తోడికోడలు. ఆసుపత్రిలో పక్కల మీద దుప్పట్లు మార్చే పని దానిది. తెల్లవారి లేస్తే పరిచిన పక్క తీయడం, తీసిన పక్క పరచడం. పెళ్లయినప్పటి నుంచీ అదే పని. దాని కోరికా అక్కడి నుంచే పుట్టింది.

"ఒక్క వారం చాలక్కా" అంది ఒకరోజు నా కొట్లో గొడుగుల మధ్య కూలబడి. "ఎవరో పరిచిన మంచం మీద పడుకోవాలి. పొద్దున లేచి దాన్ని చిందరవందరగా అలాగే వదిలేసి షికారు పోవాలి."

"దానికి విదేశం దాకా ఎందుకే? మా ఇంటికి రా, నేను పరుస్తాను."

"మీ ఇంట్లో పడుకుంటే లేచి నేనే మడతపెడతాను. నన్నెరిగినవాళ్లు లేని చోటైతే తప్ప ఈ చేతులు ఊరుకోవు."

నేను నవ్వబోయి ఆగిపోయాను. దాని అరచేతులు సబ్బునీళ్లకు చితికిపోయి ఉన్నాయి.

దాచుకున్నదంతా తీసి అదే టిక్కెట్లు కొంది. సముద్రం అవతల, చలి దేశంలో, చెరువు గట్టున ఒక హోటలు. ఇక చూడండి మా మరిది హడావుడి! ఊరందరికీ చెప్పిన పాఠాలు ఇప్పుడు తనకే చెప్పుకున్నాడు. వీసా ఫోటోలో చెవులు కనపడాలట, అందుకని క్షవరం రెండుసార్లు చేయించుకున్నాడు. ఆ దేశంలో ప్లగ్గు పిన్నులు వేరే రకంగా ఉంటాయని తెలిసి బజారంతా గాలించి మారుప్లగ్గు తెచ్చాడు. బీపీ మాత్రలకు డాక్టరు చీటీ రాయించాడు. పాస్‌పోర్టు నకళ్లు తనొక సెట్టు, పెళ్లాం ఒక సెట్టు, నాకొక సెట్టు.

"నాకెందుకయ్యా?"

"మేమక్కడ తప్పిపోతే చూపించడానికి."

"మిమ్మల్నెవరు ఎత్తుకుపోతారు నాయనా, తిండి దండగ" అన్నాను. తోడికోడలు పడీ పడీ నవ్వింది. ఆ నెలంతా అది నవ్వుతూనే ఉంది. సాయంత్రం డ్యూటీ దిగి నేరుగా నా కొట్టుకు వచ్చి, కొన్న ఉన్ని సాక్సులు చూపించి, మళ్లీ కాగితంలో చుట్టుకుని వెళ్లేది.

అన్నీ కుదిరాయి, పెట్టె తప్ప. చెప్పుకుంటే సిగ్గుచేటు. ఊరందరి పెట్టెలూ బాగుచేసేవాడింట్లో ఒక్క మంచి పెట్టె లేదు! కొందామని ఇద్దరూ పెద్ద షాపుకు వెళ్లారు. అక్కడ మా మరిది ఒక్కో పెట్టెనూ తలకిందులు చేసి, చక్రం తిప్పి, లైనింగు కింద వేలు దూర్చి, "ఇది రెండు ప్రయాణాలు రాదు, ఇది జిగురుతో అంటించారు, దీని హ్యాండిలు పిల్లల ఆటబొమ్మ" అని షాపువాడి ముందే తీర్పులిచ్చాడట. చివరికి షాపువాడు చేతులు జోడించి, "అయ్యా, మీరొక ఫ్యాక్టరీ పెట్టుకోండి" అన్నాడట. ఉత్త చేతులతో తిరిగొచ్చారు.

ఆ మర్నాడు అటక మీది నుంచి ఏదో దింపిన చప్పుడైంది. తొంగి చూశాను. ముదురు ఎరుపు పెట్టె. గట్టిది, పాతకాలపు పనితనం. దుమ్ము తుడిచేసరికి కొత్తపెళ్లికూతురిలా ఉంది.

"ఎవరిదది?" అన్నాను.

"ఎవరిదో. మూడు నాలుగేళ్లయింది. చక్రం వేయమని ఇచ్చి మళ్లీ రాలేదు. వారం వాడుకుని తుడిచి అటకెక్కిస్తే ఎవరికి తెలుస్తుంది? పైగా నేను వేసిన చక్రం ఎలా ఉందో పరీక్ష చేసినట్టూ ఉంటుంది."

"వద్దు నాయనా. నీ మాట ఏమైంది?"

"అమ్మడం లేదు కదా వదినా!"

పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడటం లేదనుకుంటుందట. నేనింకేం చెప్పను, నా కొట్లోకి వచ్చేశాను. కాసేపటికి చెక్క అవతల నుంచి గొణుగుడు మొదలైంది.

"ఎవరు కుట్టారో మహానుభావులు! ఇంత మంచి లైనింగుకు దిండు గలేబు ముక్కతో జేబు పెట్టారు చూడు వదినా. మూతి ఒక పక్కకి, అడుగు ఒక పక్కకి. రెండు కుట్లకో ముడి! జేబు అనుకున్నారా, పశువును కట్టే పలుపుతాడు అనుకున్నారా?"

కత్తెర కొస దారాన్ని తెంపుతున్న టిక్కుటిక్కు వినపడింది. ఆ జేబు విప్పేసి, దాని స్థానంలో సరిగ్గా గీత గీసినట్టున్న కొత్త జేబు వేశాడు. నన్ను పిలిచి చూపించాడు కూడా. బాగుందన్నాను. బాగానే ఉంది మరి.

ప్రయాణం ఇంకో మూడు రోజులుందనగా పెట్టె సర్దేశారు. తూకం ఎక్కువైతే విమానంవాళ్లు ఆపేస్తారని పార్సిలు ఆఫీసు కాటా మీద పెట్టి తూచారు. ఇంట్లో మంచం పక్కనే నిలబెట్టుకుని తోడికోడలు దాన్ని చూసుకుంటూ నిద్రపోయిందట.

మర్నాడు పొద్దునే కొట్టుకు ఒకావిడ వచ్చింది. ఓడ మీద వంట చేసే ఆవిడ. పొట్టిగా, పొట్టి జుట్టుతో, మోచేతి మీద నూనె కాలిన మచ్చలతో ఉంది. కొట్టు ముందు నిలబడి, "బాబాయ్, నేను గుర్తున్నానా? ఎర్ర పెట్టె, చక్రం ఊడితే ఇచ్చాను" అంది.

చెక్క అవతల సుత్తి చప్పుడు ఆగిపోయింది.

"ఆ వారమే మా అమ్మకు పక్షవాతం వచ్చిందని కబురొచ్చింది. ఉన్నపళాన ఊరెళ్లిపోయాను. ఆవిడకు చేస్తూ అక్కడే ఉండిపోయాను. పోయిన నెల అమ్మ పోయింది" అంది. "మళ్లీ ఓడెక్కుతున్నాను. మీరు అమ్మేసి ఉంటారని భయపడ్డాను. వీధి చివర టీ కొట్టాయన చెప్పాడు, జిప్పాయన దగ్గర పెట్టింది ఎక్కడికీ పోదని."

"ఉందమ్మా" అన్నాడు మా మరిది. అతని గొంతు నేను గుర్తుపట్టలేకపోయాను. "ఉంది. చిన్న పని మిగిలింది. రేపు రండి."

"అప్పుడే చెప్పాను కదా బాబాయ్, చక్రం ఒక్కటే చూడండి, మిగతాది ఎలా ఉన్నది అలా ఉండనివ్వండి అని. లోపలి జేబు మా అమ్మ కుట్టింది, మొదటిసారి నేను ఓడెక్కేటప్పుడు. ఆవిడ చేతివి నా దగ్గరింకేం మిగల్లేదు. అదొక్కటే." ఆవిడ నవ్వి వెళ్లిపోయింది.

నేను లేచి పక్కకు వెళ్లేసరికి మా మరిది బల్ల మీద రెండు చేతులూ ఆనించి నిలబడి ఉన్నాడు. అందరికీ శకునం చెప్పే బల్లి తను పోయి కుడితిలో పడ్డట్టయింది అతని పని. తిట్టాలనే వెళ్లాను.

"ఆ ముక్క ఏం చేశావు?" అన్నాను.

పాతగుడ్డల గోతాం లాగి బోర్లించాడు. జిగురు తుడిచిన గుడ్డలు, పాలిషు గుడ్డలు, గ్రీజు గుడ్డలు. ఇద్దరం నేల మీద కూర్చుని వెతికాం. దొరికింది. నీలి పూల గలేబు ముక్క. ఒక మూల జిగురు గట్టిపడి ఉంది. దాన్ని మోకాలి మీద పరిచి, అరచేత్తో మడతలు సాపు చేశాడు.

అప్పుడైనా నిజం చెప్పేస్తే పోయేది. "రేపు రాగానే కాళ్ల మీద పడు" అన్నాను. వినలేదు. ఊరు పెట్టిన పేరు అంత తొందరగా వదులుకోలేకపోయాడు. గుడ్డ ఉతికి, జిగురు గీకి, ఇస్త్రీ చేసి, ఆ మధ్యాహ్నమే ఇంట్లో కుట్టడానికి కూర్చున్నాడు. తోడికోడలు సర్దిన బట్టలన్నీ తీసి మంచం మీద కుప్ప పోసింది. ఆ కుప్ప వంక చూడటానికి నాకే సిగ్గనిపించింది.

జీవితంలో మొదటిసారి మా మరిది కావాలని వంకరగా కుట్టబోయాడు. చేతకాలేదు. సూది ఎలా పెట్టినా తిన్నగానే పోతుంది. విప్పాడు, కుట్టాడు, మళ్లీ విప్పాడు. చివరికి సూది పెళ్లాం చేతిలో పెట్టాడు. దానికి కుట్టు రాదు. అది సూది పడితే గుడ్డకు జ్వరం వస్తుంది.

"నేను కుట్టను" అంది అది. "ఆవిడ తల్లి చెయ్యి నేనెలా అవుతానండీ?"

"నా పరువు పోతుందే."

"పోయింది పోలేదనుకుంటే వస్తుందా?"

అని అంటూనే కుట్టింది. ఏం చేస్తుంది? తల వంచుకుని కుట్టింది, రెండుసార్లు వేలికి గుచ్చుకుంది. జేబు మూతి ఒక పక్కకి, అడుగు ఒక పక్కకి. చూడటానికి అచ్చం అలాగే ఉంది. మేం ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. తేలు కుట్టిన దొంగల్లా ఎవరి దారిన వాళ్లం లేచి పోయాం.

మర్నాడు ఆవిడ చెప్పినట్టే వచ్చింది. నేనూ తోడికోడలూ మరిది కొట్లోనే ఉన్నాం, అది ఒక మూల స్టూలు మీద కూర్చుని ఉంది. మా మరిది పెట్టె బల్ల మీద పెట్టి తెరిచాడు. ఆవిడ చక్రాలు చూడలేదు, హ్యాండిలు చూడలేదు. నీలి పూలు కనపడగానే ముఖం చిన్నపిల్ల ముఖమైపోయింది.

"ఉంది!" అంది. "ఎలా ఉన్నది అలాగే ఉంది. మీకు పుణ్యం ఉంటుంది బాబాయ్. అమ్మకు చూపు సరిగా ఆనేది కాదు. దారం ఊడిపోతుందేమోనని రెండు కుట్లకో ముడి వేసింది. సముద్రం పొంగినప్పుడు నేను భయపడి ఈ జేబులో చెయ్యి పెట్టుకుని ఆ ముడులు తడుముకునేదాన్ని."

చెప్తూనే చెయ్యి లోపల పెట్టింది.

ముడులు! మా ముగ్గురిలో ఒక్కరికీ గుర్తు రాలేదు. పలుపుతాడని వెక్కిరించినవాడికీ గుర్తు రాలేదు, విన్న నాకూ రాలేదు. ఆవిడ వేళ్లు జేబు అంచు వెంట ఒకసారి వెళ్లాయి. మళ్లీ వెనక్కి వచ్చాయి. ఇంకోసారి, మెల్లిగా. గుడ్డ మీద ఆ వేళ్లు కదలడం పైనుంచి కనపడుతూనే ఉంది. నేను చూపు తిప్పుకోవాలనుకున్నాను, తిప్పుకోలేకపోయాను.

ఆవిడ చెయ్యి జేబు అడుగున ఏదో తగిలి ఆగింది. బయటికి తీసింది. ఉన్ని సాక్సులు. కొత్తవి, షాపు చీటీ ఇంకా వేలాడుతూనే ఉంది. కుట్టడం అయ్యాక జేబు నిలుస్తుందో లేదో చూడటానికి తోడికోడలే వాటిని అందులో కుక్కి, తీయడం మరిచిపోయింది. ఆవిడ సాక్సుల వంక చూసింది, స్టూలు మీద తల దించుకుని కూర్చున్న మా తోడికోడలి వంక చూసింది. సూది గుచ్చుకున్న వేలికి గుడ్డ పీలిక చుట్టుకుని ఉంది అది.

ఆవిడ నాలుగడుగులు వేసి వచ్చి సాక్సులు దాని ఒళ్లో పెట్టింది.

"మీవనుకుంటా" అంది. "ఎవరు కుట్టారో గానీ, పాపం, కష్టపడి కుట్టారు."

తల కొట్టేసినట్టయింది. నా తోడికోడలు రెండు చేతులతో ముఖం కప్పుకుంది. మా మరిది బల్ల వెనక నుంచి బయటికి వచ్చాడు.

"నేనే విప్పానమ్మా" అన్నాడు. "మీది కదా అని కూడా ఆలోచించలేదు. కుట్టు బాగాలేదని విప్పేశాను. మేం ఊరెళ్లడానికి వాడుకుందామని… నన్ను తిట్టండమ్మా. చెంప పగలగొట్టండి. మాట్లాడకుండా మాత్రం వెళ్లకండి."

ఆవిడ పెట్టె మూసింది. జిప్పు మెల్లిగా, మూలల దగ్గర ఆగుతూ, చుట్టూ లాగింది.

"తిట్టడానికేముంది బాబాయ్. నేను చక్రం చెయ్యమన్నాను. చక్రం బాగా చేశారు."

వెళ్లిపోయింది. తిట్టి ఉంటే మేమంతా కాస్త ఊపిరి పీల్చుకునేవాళ్లం. టీ కొట్టాయన వీధి చివర నుంచి, "చూశావా అమ్మాయ్, నేను చెప్పలా? జిప్పాయన దగ్గర పెట్టింది ఎక్కడికీ పోదు!" అని కేకేశాడు. ఆవిడ ఏం జవాబిచ్చిందో వినపడలేదు. మా మరిది ఆ కేక విని కొట్టు తలుపు వేసేశాడు.

సాయంత్రం ఇంట్లో భోజనం ముట్టలేదు. "నేను రాను" అన్నాడు. "ఏ ముఖం పెట్టుకుని పెట్టె పట్టుకుని తిరగను? నువ్వొక్కదానివే వెళ్లు."

నా తోడికోడలు ఎన్నడూ మొగుడికి ఎదురు చెప్పిన మనిషి కాదు. ఆ రోజు చెప్పింది.

"నేనూ సిగ్గుపడుతున్నాను. కుట్టిన చెయ్యి నాది. అయినా వెళ్తాను, మీరూ వస్తారు. మీ సిగ్గు మీరు మోసుకోండి, నా బట్టలు నేను మోసుకుంటాను."

కానీ దేంట్లో మోసుకుంటుంది? మంచం మీద బట్టల కుప్ప అలాగే ఉంది. తెల్లవారితే విమానం, కొనడానికి వ్యవధి లేదు. కొట్టు అటక మీద పెట్టెలున్నాయి గానీ, ఆ వైపు చూసే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు. నేను మా ఇంటికి వెళ్లి నా పాత సంచి తెచ్చి మధ్యలో పడేశాను. వంకర అతుకు పైకి కనపడేలా పడింది.

మా మరిది దాన్ని చూశాడు. ఒక్క మాట అనలేదు. ఇన్నేళ్లలో మొదటిసారి ఆ అతుకును చూసి అతను నోరు మూసుకోవడం. నాకు ఏడుపొచ్చింది.

వెళ్లారు, వారం ఉన్నారు, వచ్చారు. చెరువు బాగుందట, చలి ఎముకలు కొరికేసిందట. మంచం సంగతి అడిగాను. మొదటి రెండు రోజులూ పొద్దున్నే లేచి పక్క తనే సర్దేసిందట, మూడో రోజు నుంచి పట్టుబట్టి వదిలేసిందట. "సాయంత్రం తిరిగొచ్చేసరికి ఎవరో చక్కగా పరిచి ఉండేవారక్కా. ఎవరో, ముఖం కూడా చూడలేదు. పడుకుంటే మెత్తగానే ఉండేది. కానీ ఆ ఎర్ర పెట్టె ఆవిడ అన్న మాట గుర్తొచ్చేది, కష్టపడి కుట్టారు అని." విమానాశ్రయంలో సామాన్లు తిరిగే బెల్టు దగ్గర ఎర్ర పెట్టె కనపడితే మా మరిది ముఖం తిప్పుకుని నిలబడ్డాడట.

సంచి తిరిగివ్వడానికి తనే వచ్చాడు. శుభ్రంగా తుడిచి, పట్టీలు మడిచి తెచ్చాడు. చేతిలోకి తీసుకుని చూశాను. నా అతుకు ఒక మూల ఊడింది. విమానంలో ఎక్కడో లాగేసి ఉంటారు. ఊడిన చోట ఒక పిన్నీసు పెట్టి ఉంది.

"ఏం నాయనా, ఇన్నాళ్లూ దీన్ని విప్పి కుడతానని నా ప్రాణం తీశావు. తీరా ఊడితే పిన్నీసు పెట్టి తెచ్చావా?" అన్నాను ఆటపట్టిద్దామని.

అతను నవ్వలేదు. సంచి వంక కాదు, నేల వంక చూస్తున్నాడు.

"నిన్ను అడగలేదు కదా వదినా" అన్నాడు.